చెలగాటం వెనుక ఆకలి

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఒకరి వినోదం మరొకరికి ఆపదగా మారడాన్ని చెప్పడానికి పుట్టినదే అయినా, ఆటనూ వేటనూ ఒకే మాటలో ఇమిడ్చిన దాని తీరు జంతు ప్రవర్తనా శాస్త్రానికి కూడా సరిపోతుంది. నేలమీద దొర్లే కాగితపు ఉండ వెంట పరుగెత్తే రెండు నెలల పిల్లికూన, ధాన్యపు గాదె మూలన మాటు వేసిన పెద్దపిల్లి చేసే పనులనే చేస్తుంది. నక్కి చూడటం, ఒళ్లు నేలకు ఆనించి ముందుకు జరగడం, నడుము కదిలించి దుమకడం, ముందరి పంజాలతో ఒడిసిపట్టడం, కొరకడం రెండింటిలోనూ ఉంటాయి. చంపడం, తినడం అన్న చివరి మెట్లు మాత్రమే ఆటలో లోపిస్తాయి. అందువల్ల కూన అల్లరిని ఒక విషయంగానూ, దాని తిండిని వేరొక విషయంగానూ చూడటం శాస్త్రరీత్యా నిలవదు. అవి రెండూ వేటాడి బతకడానికి ఏర్పడిన ఒకే శరీరం నుంచి పుట్టినవి కనుక, కూన ఎందుకు ఆడుతుందో తెలిస్తే దానికి ఏమి పెట్టాలో కూడా చాలావరకు తెలుస్తుంది.

ఇంటికి వచ్చినా మారని వేటగాడు

ప్రపంచమంతటా ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాలకు చెందిన ఒక అడవిపిల్లి సంతతేనని 2007లో ప్రచురితమైన జన్యు పరిశోధన తేల్చింది. పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలై ధాన్యం నిల్వ చేసుకోవడం అలవాటైన కాలంలో, ఆ నిల్వల కోసం ఎలుకలు, ఎలుకల కోసం అడవిపిల్లులు ఊళ్లకు చేరాయి. సైప్రస్ ద్వీపంలోని షిల్లూరోకాంబోస్ అనే చోట ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు సుమారు 9,500 ఏళ్లనాటి ఒక మనిషి సమాధినీ, దాని పక్కనే ఎనిమిది నెలల వయసున్న పిల్లి అస్థిపంజరాన్నీ కనుగొన్నారు; ఆ ద్వీపంలో పిల్లులు సహజంగా ఉండేవి కావు కనుక, వాటిని మనుషులే పడవల మీద తీసుకువెళ్లి ఉండాలి. అయితే కుక్కను కాపలాకూ, మందను తోలడానికీ, వేటకూ వేర్వేరు జాతులుగా మనిషి ఎంచి పెంచినట్లు పిల్లిని పెంచలేదు. అది చేయవలసిన పని ఎలుకను పట్టడం ఒక్కటే, ఆ పని దానికి ముందే వచ్చు. ఈ కారణంగా ఇంటి పిల్లి దంతాలు, పేగు, కాలేయం, నాలుక మీది రుచి గ్రాహకాలు నేటికీ వేటగాడివిగానే మిగిలిపోయాయి. ఇలా మాంసం లేనిదే ఆరోగ్యంగా బతకలేని జీవులను అనివార్య మాంసాహారులు అంటారు.

కళ్లు తెరవక ముందు

పుట్టినప్పుడు పిల్లికూన బరువు సుమారు 100 గ్రాములు. కళ్లు మూసుకుని, చెవి రంధ్రాలు ముడుచుకుని ఉండే ఆ దశలో అది వాసన, స్పర్శ, వెచ్చదనం ఆధారంగా తల్లి పొట్టను వెతుక్కుంటుంది. తొలి రోజుల్లోనే చాలా కూనలు తమకంటూ ఒక చన్నును ఎంచుకుని, ప్రతిసారీ దానికే చేరడం వల్ల, ఒకే ఈత పిల్లల మధ్య పెనుగులాట తగ్గుతుంది. పుట్టిన మొదటి రోజున అందే ముర్రుపాలలో రోగనిరోధక ప్రతిరక్షకాలు ఉంటాయి. వాటిని నేరుగా రక్తంలోకి తీసుకోగల శక్తి కూన పేగుకు సుమారు 16 నుంచి 18 గంటల వరకే ఉంటుంది కనుక, తొలి రోజు పాలకు తరువాతి ఏ రోజు పాలూ సాటి రావు. ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకు 10 గ్రాములు లేదా అంతకంటే కొంచెం ఎక్కువగా బరువు పెరుగుతూ, రెండో వారం ముగిసేసరికి పుట్టిన బరువుకు రెట్టింపు దాటుతుంది. వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోవడం వల్ల, పైకి ఏ లక్షణమూ కనిపించకముందే జబ్బును పసిగట్టవచ్చు.

కళ్లు ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెరుచుకుంటాయి. మూడో వారంలో తడబడుతూ నడక, పాలపళ్లు వస్తాయి. ఈ పాలపళ్లు మొత్తం 26 కాగా, మూడున్నర నెలల తరువాత వాటి స్థానంలో 30 శాశ్వత దంతాలు వస్తాయి. రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉండే కాలాన్ని సామాజిక సున్నిత దశ అంటారు. అంటే, ఎవరిని తనవారిగా, ఎవరిని పరాయివారిగా చూడాలన్నది మెదడు తేలికగా నేర్చుకునే గడువు అన్నమాట. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ జరిపిన ప్రయోగాలలో, ఈ వారాల్లో మనుషులు రోజూ చేతుల్లోకి తీసుకుని నిమిరిన కూనలు పెద్దయ్యాక మనిషి దగ్గరికి వెరపు లేకుండా వచ్చాయి. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందన్న లోకోక్తికి ఆధారమైన అలవాటు, అంటే కూనలను మెడ పట్టుకుని చోటు మార్చడం కూడా, ఈ తొలి వారాలదే.

ఆటలో కనిపించే వ్యాకరణం

మూడో, నాలుగో వారంలో తోబుట్టువుల మధ్య మొదలయ్యే పెనుగులాటను సామాజిక ఆట అంటారు. ఈ ఆటను 1974లో వివరంగా నమోదు చేసిన మెరెడిత్ వెస్ట్, అందులో మళ్లీ మళ్లీ వచ్చే ఎనిమిది భంగిమలను గుర్తించారు: వెల్లకిలా పడటం, పడిన దానిపై నిలబడటం, పక్కకు అడుగులు వేయడం, దుమకడం, వెనుక కాళ్లపై నిటారుగా లేవడం, తరమడం, అడ్డంగా ఎగరడం, ఎదురెదురుగా కూర్చుని పంజా విసరడం. వీటిలో పక్క అడుగుల భంగిమ చూసేవారికి ఎంతో వింతగా ఉంటుంది. కూన వీపును విల్లులా పైకి వంచి, తోకను తలకిందులు చేసిన కొక్కెంలా మెలితిప్పి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఎదుటి కూనకు ముఖం కాకుండా పక్క చూపుతూ, నాలుగు కాళ్లనూ బిగబట్టి ఎగిరెగిరి ముందుకు వస్తుంది. ఆ మరుక్షణమే వెనుదిరిగి పరుగు తీస్తుంది. పెద్దపిల్లి కుక్కను బెదిరించడానికి వాడే భంగిమ ఇదే అయినా, కూన నోరు సగం తెరిచి ఉండటం, గోళ్లు లోపలికి ముడుచుకుని ఉండటం, అరుపు లేకపోవడం, తరిమేదీ పారిపోయేదీ క్షణక్షణం తారుమారు కావడం ఇది కొట్లాట కాదని తెలుపుతాయి.

ఈ పెనుగులాటలో కూన నేర్చుకునే పాఠాలలో ముఖ్యమైనది కాటు అదుపు. పన్ను గట్టిగా దిగితే తోబుట్టువు కీచుమని అరిచి ఆట ఆపేస్తుంది, తల్లి అయితే పంజాతో ఒకటి తగిలిస్తుంది. ఏ మేరకు కొరికితే ఆట సాగుతుందో, ఏ మేరకు దాటితే ఆగిపోతుందో కూన ఈ విధంగా తెలుసుకుంటుంది. ఫిన్లాండులో జరిగి 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం దాదాపు 5,700 పిల్లుల యజమానుల సమాధానాలను విశ్లేషించి, ఎనిమిది వారాలకు ముందే తల్లినుంచి వేరుచేసిన పిల్లులలో దూకుడు ఎక్కువని తేల్చింది. కళ్లు తెరిచి నాలుగు మెతుకులు తినగలిగితే చాలు, కూనను ఇచ్చేయవచ్చని భావించే ఇళ్లలో ఈ విషయం తెలియవలసి ఉంది.

ఏడు, ఎనిమిది వారాల వయసులో కంటికీ పంజాకూ సమన్వయం కుదిరాక, వస్తువులతో ఆడే ఆట పెరుగుతుంది. ఆ వస్తువులలో చిన్నవి, వేగంగా కదిలేవి, బొచ్చు లేదా ఈక వంటి స్పర్శ గలవి కూనను ఎక్కువగా ఆకర్షిస్తాయి. మూడు నెలలు దాటాక తోబుట్టువుల మధ్య సామాజిక ఆట క్రమంగా తగ్గుముఖం పడుతుంది.

ఆట వేటకు పాఠశాలా?

ఆట వేటకు శిక్షణ అన్నది సహజంగా తోచే వివరణ. కానీ ప్రయోగాలు దానిని అంత సులువుగా సమర్థించలేదు. చైనా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జింగ్-యాంగ్ కువో 1930లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, తల్లి ఎలుకలను చంపడం చూస్తూ పెరిగిన 21 కూనలలో 18 ఎలుకలను చంపాయి. ఒంటరిగా పెరిగిన 20 కూనలలో 9 చంపగా, ఎలుకతో కలిసి ఒకే బోనులో పెరిగిన 18 కూనలలో 3 మాత్రమే చంపాయి. ఒంటరివాటిలో దాదాపు సగం ఎవరూ నేర్పకుండానే చంపగలిగాయంటే వేట కదలికలు పుట్టుకతో వచ్చేవని అర్థం. మిగిలిన తేడా అనుభవం వల్ల, ముఖ్యంగా తల్లి వల్ల వచ్చింది. తల్లిపిల్లి సుమారు నాలుగో వారం నుంచి ముందు చచ్చిన ఎలుకనూ, తరువాత కొనఊపిరితో ఉన్న ఎలుకనూ పిల్లల ముందు తెచ్చి పడవేయడం ఈ చదువులో భాగమే. 1980లో టిమ్ కారో ప్రచురించిన పరిశోధన మరో అడుగు ముందుకు వేసింది: చిన్నతనంలో ఆటవస్తువులతో ఆడిన కూనలు, ఆడని కూనల కంటే మెరుగైన వేటగాళ్లుగా తేలలేదు.

మరి ఆట ఎందుకు? దీనికి ఒక దారి చూపినవి తిండితో ముడిపడిన ప్రయోగాలు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ బేట్‌సన్ బృందం 1981లో తల్లిపిల్లికి పాలు ఇంకిపోయే మందు ఇచ్చి చూడగా, పాలు ముందుగా ఆగిపోయిన కూనలు ఆ తరువాత ఎక్కువగా ఆడాయి. 1990 నాటి ప్రయోగంలో పాలిచ్చే తల్లికి తిండి తగ్గించినప్పుడూ పిల్లల ఆట పెరిగింది. తల్లి పాలు త్వరగా మానడం తమకాళ్లపై తాము నిలబడవలసిన రోజు దగ్గర పడిందన్న సూచన కనుక, కూన శరీరం ఆ గడువుకు తగినట్లు ఆట వేగాన్ని పెంచుకుంటుందని బేట్‌సన్ ఊహ. ఇలా చూస్తే ఆట ఖర్చు కూడా స్వల్పమే: పాల్ మార్టిన్ 1984లో వేసిన లెక్కల ప్రకారం కూన రోజువారీ శక్తిలో పదో వంతులోపే ఆటకు పోతుంది.

పెద్దపిల్లులలోనూ ఈ సంబంధం చెదరదు. సారా హాల్, జాన్ బ్రాడ్‌షా 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఆకలిగా ఉన్న పిల్లులు ఎలుకంత బొమ్మలతో ఎక్కువ తీవ్రంగా ఆడాయి, పెద్ద బొమ్మలంటే వెరపు కూడా తగ్గించుకున్నాయి. ఇక ఎలుకను పట్టి చంపకుండా వదిలి మళ్లీ పట్టే అసలు చెలగాటాన్ని 1979లో పరిశీలించిన మాక్సీన్ బైబెన్, ఆకలి పెరిగే కొద్దీ పిల్లి త్వరగా చంపుతుందనీ, వేటజంతువు పెద్దదయ్యే కొద్దీ వెనుకాడుతుందనీ గమనించారు. ఆకలి ముందుకు నెడుతూ, ఎలుక పంటికి తన ముట్టె కోసుకుపోతుందన్న జంకు వెనక్కి లాగుతున్నప్పుడు కనిపించే ఊగిసలాటనే మనిషి క్రూర వినోదంగా చూశాడు.

మనిషి వేలు ఎలుక కాకూడదు

ఆట వేట కదలికల సమాహారమైనప్పుడు, ఏది వేటజంతువుగా కూన ముందుకు వస్తుందన్నది ముఖ్యమవుతుంది. రెండు నెలల కూనను చేతివేళ్లతో ఆడించడం ముచ్చటగానే ఉంటుంది. అదే పిల్లి ఏడాది వయసులో నాలుగు కిలోల బరువుతో, పూర్తిగా మొలిచిన కోరపళ్లతో, దుప్పటి కింద కదిలిన కాలివేలిపై దూకినప్పుడు దానికి మొదటినుంచి అలా నేర్పినది ఇంటివారేనని గుర్తుండదు. చేతికి బదులు పుల్లకు కట్టిన ఈకను, అది ఎలుకలా గోడవెంట పాకుతూ, ఆగుతూ, మళ్లీ చటుక్కున మాయమయ్యేలా కదిలించడం మేలు. పిల్లి తనకేసి దూసుకువచ్చే వస్తువుకంటే తననుంచి పారిపోయే వస్తువునే వెంటాడుతుంది. మధ్యమధ్య దానికి దొరకనివ్వాలి. ఏనాటికీ పంజాకు చిక్కని కాంతి చుక్కతో ఆడించడం వేటను మధ్యలో ఆపేయడమే. ఒకే బొమ్మ పట్ల ఆసక్తి త్వరగా చల్లారుతుందనీ, కొత్త బొమ్మ ఇవ్వగానే అది తిరిగి పుంజుకుంటుందనీ బ్రాడ్‌షా బృందమే 2002లో చూపింది కనుక, నాలుగు బొమ్మలను ఒకేసారి పరచడం కంటే రోజుకొకటి మార్చడం మంచిది.

ఆటలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం దారం. పిల్లి నాలుక మీద గొంతువైపు వంగిన గరుకు ముళ్లుంటాయి. ఎముకనుంచి మాంసం గీకడానికి ఏర్పడిన ఆ ముళ్ల వల్ల నోట పడిన దారాన్ని బయటికి ఉమ్మడం కూనకు సాధ్యం కాక, అది లోపలికే జారుతుంది. ఒక కొస నాలుక కిందనో, కడుపులోనో చిక్కుకుని రెండో కొస పేగులో సాగితే, పేగు ఆ దారం మీద కుచ్చులుగా ముడుచుకుని చివరకు తెగుతుంది. తెలుగు ఇళ్లలో వాడి పారేసిన మల్లెదండ దారం, కుట్టుమిషను దగ్గరి సూదీ దారం, ఊలు ఉండలు ఇందుకు తరచుగా కారణమవుతాయి. నోటినుంచి గాని మలద్వారం నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే, దానిని లాగకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లడమే సరైన పని.

పళ్లెంలో ఏముండాలి

పిల్లి అనగానే పాలగిన్నె తలపుకు వచ్చినా, పశువుల పాలు కూనకు తగిన ఆహారం కావు. పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవు పాలలో కంటే రెట్టింపుకు పైగా ఉంటాయి. ఆవు పాలలో లాక్టోజ్ అనే పాలచక్కెర కొంత ఎక్కువ. ఆ చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ పాలు మానే వయసునుంచి తగ్గిపోవడం వల్ల, పాలు తాగిన కూనకు విరేచనాలై, దాని చిన్న శరీరంలోని నీరు వేగంగా తరిగిపోతుంది.

తల్లిలేని కూనకు పశువైద్యశాలలలో, పెంపుడు జంతువుల దుకాణాలలో దొరికే పిల్లికూనల పాలపొడి వాడాలి. దాని పొట్టలో 100 గ్రాముల బరువుకు సుమారు 4 మిల్లీలీటర్లు మాత్రమే సౌకర్యంగా ఇముడుతాయి కనుక, మొదటి వారంలో రెండు మూడు గంటలకొకసారి, రెండో, మూడో వారాల్లో నాలుగు గంటలకొకసారి తాగించవలసి వస్తుంది. తాగించే ముందు కూన ఒళ్లు వెచ్చగా ఉన్నదో లేదో చూడాలి, ఎందుకంటే చల్లబడిన కూన పేగులో కదలిక ఆగి పాలు అరగవు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉంచి ముందు ఒళ్లు వెచ్చబడనివ్వాలి. చంటిబిడ్డలా వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి, తల్లి దగ్గర తాగేటప్పటిలా బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తి, గోరువెచ్చని పాలను చుక్కచుక్కగా అందించాలి. తల్లి నాకినప్పుడు తప్ప మూడు వారాల లోపు కూన తనంత తాను మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాలుకకు బదులు గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ప్రతి విడత పాల తరువాత తుడవాలి.

నాలుగో వారం నుంచి మెత్తని తిండి అలవాటు చేస్తూ ఏడెనిమిది వారాలకు పాలు పూర్తిగా మాన్పించవచ్చు. అప్పటి కూనకు కిలో బరువుకు పెద్దపిల్లికి కావలసిన దానికంటే రెండున్నర నుంచి మూడు రెట్ల శక్తి కావాలి, పొట్ట మాత్రం చిన్నది. అందుకే నాలుగు నెలల వరకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు పెట్టడం అవసరం. పొడి ఆహారంలో పెద్దపిల్లికి కనీసం 26 శాతం మాంసకృత్తులు ఉండాలని అమెరికా పశుదాణా నియంత్రణాధికారుల సంఘం నిర్దేశిస్తే, ఎదిగే కూనకు ఆ పరిమితి 30 శాతం. డబ్బా మీద ఎదిగే పిల్లికూనలకు సంపూర్ణాహారమని రాసి ఉన్నదాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే.

పెరుగన్నంతో పెరిగిన పిల్లి ఎలా బతుకుతున్నదన్న ప్రశ్నకు సమాధానం, అది కంటికి కనిపించకుండా పట్టి తినే ఎలుకలు, బల్లులు, తొండలలో ఉంది. అపార్టుమెంటులో బయటికి పోని కూనకు ఆ అవకాశం లేదు. కండరంలోనూ గుండెలోనూ ఉండే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి తగినంత తయారుచేసుకోలేదు. అది కరువైతే కంటిపొర క్షీణిస్తుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. క్యారెట్టులోని కెరోటిన్‌ను పిల్లి మనిషిలా విటమిన్-ఎగా మార్చుకోలేదు, ఆ విటమిన్‌ను కాలేయం వంటి జంతు ఆహారం నుంచే పొందాలి. తీపి రుచిని గుర్తించే గ్రాహకంలో ఒక భాగానికి సంబంధించిన జన్యువు పిల్లిలో చెడిపోయి ఉందని అమెరికాలోని మొనెల్ సంస్థ పరిశోధకులు 2005లో కనుగొన్నారు. పండ్లు వెతకవలసిన పని లేని జీవికి తీపితో అవసరం లేకపోయింది.

అలాగని కోడిమాంసం ముక్కలు మాత్రమే పెట్టినా సరిపోదు. ఎముకలేని మాంసంలో కాల్షియం కంటే భాస్వరం పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. కూనకు అవి రెండూ ఇంచుమించు సమానంగా కావాలి. లోటును పూడ్చడానికి శరీరం సొంత ఎముకలనుంచే కాల్షియం లాగడంతో, కేవలం మాంసం మీద పెరిగిన కూన కొద్ది వారాల్లోనే కుంటుతుంది, చిన్న గెంతుకే దాని కాలు విరుగుతుంది. ఇంట్లో ఉడికించిన మాంసం పెడితే అది అదనపు తిండిగా ఉండాలి. టారిన్ ఉడికిన నీటిలోకి దిగుతుంది కనుక ఆ నీటినీ పోయాలి. కూరలోంచి తీసిన ముక్కకు అంటిన ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కొన్ని రకాల పచ్చిచేపలు థయమిన్ అనే విటమిన్‌ను నాశనం చేస్తాయి. ఎండుచేపలలో ఉప్పు మితిమీరి ఉంటుంది. ఏలికపాములు తల్లి పాల ద్వారా కూడా సోకుతాయి కాబట్టి మూడో వారం నుంచి నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తొలి టీకా పశువైద్యుని సలహాతో మొదలుకావాలి.

ఈ లోటుపాట్లన్నింటినీ ఒకచోట చేర్చి చూస్తే, ఎముకతో కాల్షియం, కాలేయంతో విటమిన్-ఎ, గుండెతో టారిన్, కండతో మాంసకృత్తులు కలిసిన ఒక ఎలుక ఆకారం బయటపడుతుంది. బొమ్మ దానిలా కదలాలి, భోజనం దానితో సమానం కావాలి. ఎలుకలు తిరిగే మునిమాపు వేళ, తెల్లవారుజామున పిల్లికి చురుకుదనం హెచ్చడమూ ఇందుకే. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు ఈకను పరుగెత్తించి, చివరికి దొరకనిచ్చి, వెంటనే ఆఖరి విడత తిండి పెడితే, వేటాడి, తిని, ఒళ్లు నాక్కుని నిద్రపోయే క్రమం కూనకు పూర్తవుతుంది. దుప్పటి కింది కాలివేళ్లకు కూడా తెల్లవారే వరకు ప్రాణసంకటం తప్పుతుంది.